స్టెరాయిడ్‌ని ఊపిరితిత్తులకే పంపే నానో మందు నిజంగా ఉందా? (మా నాన్న విషయంలో అడుగుతున్నాను)

వాల్తేరు_అబ్బాయి | శనివారం రాత్రి 9:12

చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడవైతే ఏమీ అనుకోకండి.

2021 మేలో మా నాన్నకి కోవిడ్ వచ్చింది. ఆరో రోజు దాకా ఇంట్లో బాగానే ఉన్నారు. ఎనిమిదో రోజు ఆక్సిజన్ 88కి పడిపోయింది. ఎవరి కాళ్లు పట్టుకున్నామో గుర్తు లేదు గానీ ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో బెడ్ దొరికింది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. మనిషి దక్కాడు. కాబట్టి ఆ మందు మీద నాకు కోపం లేదు.

కానీ డిశ్చార్జ్ అయ్యాక సుగర్ 400 దాటింది. ఏడాది తిరక్కుండానే తుంటి నొప్పి. ఎమ్మారై తీస్తే తొడ ఎముక తల భాగానికి రక్తం అందక చచ్చుబడుతోందన్నారు. స్టెరాయిడ్ వల్ల ఇలా జరగొచ్చట. రోజూ ఆర్కే బీచ్ నుంచి పార్క్ హోటల్ దాకా నడిచే మనిషి ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివర టీ కొట్టు వరకే వెళ్తున్నారు.

ఈ వారం మళ్లీ జ్వరం, దగ్గు. నిన్న టెస్టు చేసి ఫ్లూ అన్నారు. ఆక్సిజన్ 96 ఉంది. ఎవరైనా స్టెరాయిడ్ అంటారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఈలోగా మా బావ ఒక వీడియో పంపాడు. మందుని నానో కణాల్లో పెట్టి నేరుగా ఊపిరితిత్తులకే పంపుతారట, ఒంట్లో ఇంకెక్కడికీ పోదట. ఇది నిజమా, వాట్సాప్ నిజమా? తెలిసినవాళ్లు చెప్పండి.

జగదాంబ_జంక్షన్ | శనివారం రాత్రి 9:20

నానో కారు వచ్చింది, పోయింది. నానో యూరియా వచ్చింది, మా మామయ్య ఇప్పటికీ బస్తా కోసమే క్యూలో నిలబడుతున్నాడు. ఇప్పుడు నానో స్టెరాయిడ్. రానివ్వండి, చూద్దాం.

నాన్నగారు తొందరగా కోలుకోవాలి అన్నా. ఇది మాత్రం జోకు కాదు.

సిస్టర్_అక్క | శనివారం రాత్రి 9:48

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నానో మందు ఉందా అని అడుగుతున్నారా బాబూ? దాని కోసం 2021లో మీరంతా ఊరు ఊరంతా తిరిగారు. పేరులో ఉన్న ముక్క ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

బ్లాక్ ఫంగస్ ఇంజెక్షన్ గుర్తుందా? లైపోజోమల్ యాంఫోటెరిసిన్ బి. ఆ "లైపోజోమల్" అన్నదే నానో. 100 నానోమీటర్లు కూడా ఉండని కొవ్వు బుడగల్లో మందు పెడతారు. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు ఉంటుందని మా ట్యూటర్ చెప్పేవారు, దాన్ని బట్టి ఊహించుకోండి. పాత రకం యాంఫోటెరిసిన్ ఎక్కిస్తే చలి, వణుకు, జ్వరం, ఆపైన కిడ్నీలు దెబ్బతినడం. మందు అదే, బుడగలో పెట్టేసరికి కిడ్నీల మీద దెబ్బ బాగా తగ్గింది.

ఆ వయల్ ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. 50 మిల్లీగ్రాములు, పసుపు రంగు ముద్ద. 12 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి అర నిమిషం గట్టిగా కుదపాలి. సెలైన్ పోశామా, పాలు విరిగినట్టు విరిగిపోతుంది. తర్వాత ఫిల్టర్ గుండా 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోకి. కొత్త పిల్లలకి ఇదే రోజుకి పదిసార్లు చెప్పేదాన్ని. రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 300 అవుతుంది, అంటే రోజుకి 6 వయల్స్. అలా వారాల తరబడి. ఇంక కొరత రాక ఏమవుతుంది?

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఫంగస్ ఎక్కువగా పట్టుకున్నది సుగర్ ఉండి స్టెరాయిడ్ వాడినవాళ్లని. స్టెరాయిడ్ తెచ్చిన తంటాకి నానో మందు వాడుతున్నాం, ఆ స్టెరాయిడ్‌నే నానోలో పెట్టి ఇస్తే పోయేది కదా అని డ్యూటీ రూములో అనుకునేవాళ్లం.

ఫార్మసీ_పిల్ల | శనివారం రాత్రి 10:37

సిస్టర్ గారూ, డ్యూటీ రూములో మీరు అనుకున్నదే 2020లో నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో యూరప్ శాస్త్రవేత్తలు కొందరు రాశారు. డెక్సామెథాసోన్‌ని నానో కణాల్లో పెట్టి కోవిడ్‌కి వాడాలని. నేను ఫార్మస్యూటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, రోజూ చేసే పని లైపోజోమ్‌లే, అంటే మీరు చెప్పిన ఆ కొవ్వు బుడగలే. కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, క్షమించాలి.

మాత్ర మింగినా, మామూలు ఇంజెక్షన్ చేసినా స్టెరాయిడ్ ఒళ్లంతా తిరుగుతుంది. మన వైజాగ్ కార్పొరేషన్ వాళ్లు ఫాగింగ్ కొట్టినట్టే. దోమలు కాలువలో ఉంటాయి, పొగ వీధి వీధంతా. ఊపిరితిత్తిలో వాపు తగ్గించమని పంపిన మందు లివర్‌కి వెళ్లి సుగర్ పెంచమంటుంది, ఎముకకి వెళ్లి అక్కడ ఇంకో పని చేస్తుంది.

నానో కణాన్ని నరంలోకి ఎక్కిస్తే ఏమవుతుందంటే, లివర్‌లో, స్ప్లీన్‌లో ఉండే మాక్రోఫేజ్‌లు (క్రిముల్ని మింగే కాపలా కణాలు) దాన్ని చెత్త అనుకుని మింగేస్తాయి. క్యాన్సర్ మందులు చేసేవాళ్లకి ఇది ముప్పై ఏళ్ల తలనొప్పి. గడ్డకి చేరాల్సిన మందు దారిలోనే ఆవిరి. అమెరికాలో 1995లో వచ్చిన లైపోజోమల్ డాక్సోరుబిసిన్‌కి పైన పాలిథిలిన్ గ్లైకాల్ కోటు తొడిగింది ఈ మాక్రోఫేజ్‌ల కన్ను కప్పడానికే.

మన కేసులో మాత్రం కథ తిరగబడుతుంది! వైరల్ న్యుమోనియాలో ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు పెంచే రసాయనాలని కుప్పలుగా వదిలే కణాల్లో మాక్రోఫేజ్‌లదే పెద్ద చెయ్యి. మనం మందు చేర్చాలనుకున్నది కూడా వాటికే. వాళ్లకి అడ్డమైనదే మనకి వాహనం. పైగా వాపు వచ్చిన చోట రక్తనాళాల గోడలు వదులవుతాయి, కణాలు అక్కడే ఎక్కువగా కారి దిగుతాయి.

చిక్కు ఎక్కడంటే మందు దగ్గరే. డెక్సామెథాసోన్ నీళ్లలో సరిగ్గా కరగదు, పోనీ కొవ్వు పొరలోనైనా కుదురుగా కూర్చుంటుందా అంటే కూర్చోదు, కారిపోతుంది. అందుకని ఫాస్ఫేట్ ఉప్పుగా మార్చి బుడగ లోపలి నీళ్లలో పెట్టాలి, లేదంటే పాల్మిటేట్ అనే కొవ్వు తోక తగిలించి నూనె బిందువులోకి ఎక్కించాలి. ఆ రెండో రకం ఇంజెక్షన్ జపాన్‌లో కీళ్లవాతానికి 1980ల నుంచే ఉంది.

మీ ప్రశ్నకి సూటి జవాబు కావాలంటే: వీడియోలో చెప్పిన సూత్రం నిజం, "వచ్చేసింది" అన్నది అబద్ధం. వైరల్ న్యుమోనియాకని ఆమోదం పొందిన నానో స్టెరాయిడ్ ఏదీ ఇవాళ మందుల షాపులో దొరకదు.

ఛాతీ_డాక్టర్ | ఆదివారం ఉదయం 6:55

వాల్తేరు అబ్బాయి గారూ, నానో సంగతి తర్వాత. ముందు మీ నాన్నగారు. ఆక్సిజన్ 96 ఉన్నప్పుడు స్టెరాయిడ్ ఊసే అక్కర్లేదు, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. ఫ్లూ అని తేలింది, వయసు ఉంది, సుగర్ ఉంది. ఒసెల్టామివిర్ (ఫ్లూ వైరస్ మందు) రాశారో లేదో చూడండి. లక్షణాలు మొదలైన 48 గంటల్లో వేస్తే ఎక్కువ ఉపయోగం. రాయకపోతే ఈరోజే ఫోన్ చేసి అడగండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వస్తున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొకటి. కోవిడ్‌లో పనిచేసింది కదా అని ఫ్లూలో కూడా స్టెరాయిడ్ పనిచేస్తుందనుకోవద్దు. ఫ్లూ న్యుమోనియాలో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లకి పైనుంచి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. ఉబ్బసం లాంటి వేరే కారణం ఉంటే తప్ప మేం మామూలుగా ఇవ్వం.

కోవిడ్ లెక్కలు కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే ఈ చర్చకి అసలు మూలం అక్కడే ఉంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితం 2020 జూన్ 16న చెప్పారు. రోజుకి 6 మిల్లీగ్రాములు, 10 రోజులకి మించకుండా. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే తీసుకుంటున్నవాళ్లలో 26.2 నుంచి 23.3కి. అసలు ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో? మామూలు వైద్యంలో 14, స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో 17.8. నష్టం ఖాయమని తేల్చేంత బలం ఆ చివరి అంకెకి లేదు గానీ లాభం లేదన్నది మాత్రం స్పష్టం.

మొదటి వారం వైరస్ జోరు, రెండో వారం మన ఒంటి జోరు. ఇంట్లో దొంగ ఉండగానే కుక్కని కట్టేస్తే ఏమవుతుంది? దొంగ పోయాక కూడా అది ఇంట్లోవాళ్లని కరుస్తుంటే అప్పుడు కట్టెయ్యాలి. ఫార్మసీ అమ్మాయి చెప్పిన బుడగకి ఎటు పోవాలో నేర్పగలరేమో. ఇవాళ జబ్బు మూడో రోజా, పదో రోజా అన్నది మాత్రం మంచం పక్కన నిలబడినవాడే చూడాలి.

మీ నాన్నగారి పాత డిశ్చార్జ్ షీటు దొరికితే అందులో స్టెరాయిడ్ ఎన్ని రోజులు రాశారో చెప్తారా? తుంటి సంగతి విన్నాక అడగాలనిపించింది.

జగదాంబ_జంక్షన్ | ఆదివారం ఉదయం 8:15

డాక్టర్ గారూ, నాదొక మొద్దు ప్రశ్న. ఉబ్బసం వాళ్లు ఇన్‌హేలర్‌లో పీల్చేది స్టెరాయిడే కదా? ఊపిరితిత్తికే పోతుంది కదా? ఇంక ఈ నానో గోల ఎందుకు? మా ఆవిడ ఇరవై ఏళ్లుగా పీలుస్తోంది, తుంటి భేషుగ్గా ఉంది, నా వెనక పరిగెత్తగలదు కూడా.

ఛాతీ_డాక్టర్ | ఆదివారం ఉదయం 8:40

మొద్దు ప్రశ్న కాదండీ, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అడిగిందీ ఇదే. స్టోయిక్ అనే చిన్న ట్రయల్‌లో, తర్వాత ప్రిన్సిపుల్ అనే పెద్దదాంట్లో కోవిడ్ మొదట్లోనే బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఇచ్చి చూశారు. 800 మైక్రోగ్రాములు, రోజుకి రెండుసార్లు. ప్రిన్సిపుల్‌లో పెద్ద వయసువాళ్లు సుమారు 3 రోజులు ముందుగా కోలుకున్నారు. ఆసుపత్రి పాలవకుండా, చనిపోకుండా కాపాడుతుందని మాత్రం గట్టిగా తేలలేదు.

ఇన్‌హేలర్ మందు ఎక్కువగా గాలి గొట్టాల్లో పడుతుంది. ఉబ్బసం ఉండేది అక్కడే, అందుకే మీ ఆవిడకి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వైరల్ న్యుమోనియా ముదిరితే గొడవంతా చివరన ఉండే గాలి తిత్తుల్లో. పైగా వాటిలో నీరు చేరి ఉంటుంది. పీల్చిన గాలే పోని చోటికి పీల్చిన మందు ఎలా పోతుంది? కాలువ పూడిపోయిన మడికి ఎంత నీళ్లు వదిలినా పక్క మడికే పారుతుంది. మందు అంతా బాగున్న భాగానికే చేరుతుంది.

అందుకని నానో అయినా ఏదైనా, ముదిరినవాళ్లకి పీల్చే దారి మీద నాకు నమ్మకం తక్కువ.

ఫార్మసీ_పిల్ల | ఆదివారం ఉదయం 9:30

మడి ఉపమానం నా థీసిస్‌లో వాడుకుంటాను సార్! ముదిరినవాళ్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను, వాళ్లకి నరమే దారి. కానీ మధ్యలో ఒక గుంపు ఉంటుంది కదా, ఆక్సిజన్ ఇప్పుడిప్పుడే తగ్గుతున్నవాళ్లు. వాళ్లకి పీల్చే లైపోజోమ్ బాగుంటుందని నా ఆశ. మామూలు మందు తొందరగా రక్తంలోకి జారుకుంటుంది. తిత్తి గోడ మందం ఒక మైక్రాన్ (వెయ్యి నానోమీటర్లు) కూడా ఉండదు మరి. బుడగలో ఉంటే అక్కడే కూర్చుని నెమ్మదిగా వదులుతుంది. తిత్తుల్లో కాపలా కాసే మాక్రోఫేజ్‌లు దాన్ని మింగుతాయి.

పీల్చే లైపోజోమ్ మందు ఆమోదం పొందిన దాఖలా ఉంది కూడా. అమికాసిన్ అనే యాంటీబయాటిక్. టీబీకి దగ్గరి బంధువైన ఒక మొండి బ్యాక్టీరియా జబ్బుకి 2018లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. అందులో బుడగలు దెబ్బతినకుండా ఉండటానికి సన్నటి జల్లెడ కంపించి తుంపర చేసే వైబ్రేటింగ్ మెష్ నెబ్యులైజర్ వాడతారు. మనిళ్లలో బర్రుమని మోగే కంప్రెసర్ నెబ్యులైజర్‌లో పోస్తే ఆ గాలి కొట్టుడుకి చాలా బుడగలు చిట్లిపోవచ్చు. (నిజం చెప్పాలంటే ఆ మందుకి కూడా పెట్టె మీద పెద్ద హెచ్చరిక ఉంది, కొందరికి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి.)

జగదాంబ_జంక్షన్ | ఆదివారం ఉదయం 9:41

ఇంకొక మొద్దు ప్రశ్న, ఇదే ఆఖరు. అంత చిన్న కణం పీలిస్తే, మళ్లీ ఊదినప్పుడు బయటికి వచ్చేయదా?

ఫార్మసీ_పిల్ల | ఆదివారం ఉదయం 9:58

వస్తుంది! చాలావరకు వచ్చేస్తుంది. అందుకే ఒక్కొక్క కణాన్ని విడిగా పంపరు. 1 నుంచి 5 మైక్రాన్ల నీటి తుంపరలో వేల బుడగలు ఎక్కించి పంపుతారు. తుంపర 5 మైక్రాన్లు దాటితే గొంతులోనే ఆగిపోతుంది, మరీ చిన్నదైతే తిరిగి వెళ్లిపోతుంది. తుంపర షేర్ ఆటో, కణాలు ప్యాసింజర్లు. దిగాల్సిన స్టాపులో ఆటో ఆగాక వాళ్లు దిగుతారు.

జ్ఞానాపురం_డాబా | ఆదివారం మధ్యాహ్నం 12:20

మీరు చెప్పేదంతా బాగానే ఉంది గానీ నాకొక అనుమానం. మా డాబా మీద పొద్దున బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లటి పొర పడుతుంది. పిల్లాడికి దగ్గు. డాక్టర్‌ని అడిగితే ఏటన్నారంటే, పెద్ద దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది, కంటికి కనపడనిదే ప్రమాదం, అది లోపలికంటా పోతుందని. ఇక్కడ మీరేమో కనపడని కణమే మందంటున్నారు. ఏది నమ్మాలి?

ఫార్మసీ_పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 1:05

ఈ చర్చలో నాకు నచ్చిన ప్రశ్న ఇదేనండీ. రెండూ నిజమే. సైజు లోపలికి తీసుకెళ్తుంది, ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది కణం దేనితో చేశారన్న దాని మీద ఉంటుంది. బొగ్గు మసిని మన ఒళ్లు అరిగించుకోలేదు. మాక్రోఫేజ్ మింగుతుంది, కరగదు, ఆ కోపంతో వాపు పెంచుతుంది. లైపోజోమ్ చేసేది ఫాస్ఫోలిపిడ్‌తో. మన గాలి తిత్తులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా లోపల ఒక సన్నటి పూత ఉంటుంది, సర్ఫాక్టెంట్ అంటారు. దాంట్లో దాదాపు 90 శాతం కొవ్వులే, అందులోనూ ఎక్కువ ఫాస్ఫోలిపిడ్‌లే. అంటే ఇంటి సరుకే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గొంతులో గొట్టం వేసి ఇచ్చేది కూడా ఈ సర్ఫాక్టెంటే.

అయితే నానో పేరుతో బంగారం, వెండి, కార్బన్ గొట్టాలు అని రకరకాలు పరిశోధనలో ఉన్నాయి. అవి ఊపిరితిత్తిలో ఎన్నాళ్లు ఉండిపోతాయో చూడకుండా మందు అనడం తప్పు. మీ అనుమానం వాటికి అక్షరాలా వర్తిస్తుంది.

సహజ_నిధి | ఆదివారం మధ్యాహ్నం 2:30

[ఈ సందేశాన్ని మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 2:52

"నానో పసుపు చుక్కలు" నెబ్యులైజర్‌లో వేసుకోమని, ఫోన్ నంబరు, ధర సహా పెట్టిన పోస్టు తీసేశాం. ఇక్కడ అమ్మకాలు కుదరవు. సభ్యులకి వ్యక్తిగత మెసేజ్‌లు పంపుతున్నట్టు కూడా ఫిర్యాదు వచ్చింది. మీకు వచ్చి ఉంటే మాకు పంపండి.

ఛాతీ_డాక్టర్ | ఆదివారం మధ్యాహ్నం 3:10

పోస్టు పోయినా ఈ మాట చెప్పే తీరాలి. నెబ్యులైజర్‌లో డాక్టర్ రాసిన నెబ్యులైజర్ మందు తప్ప ఇంకేదీ పోయకండి. నూనె కలిసినది అసలే వద్దు. నూనె ఊపిరితిత్తిలోకి పోతే లిపాయిడ్ న్యుమోనియా వస్తుంది, తేలిగ్గా వదలదు. ముక్కులో నూనె చుక్కలు వేసుకునే అలవాటు వల్ల వచ్చిన కేసులు వైద్య పుస్తకాల్లోనే ఉన్నాయి. పసుపు చారులో వేసుకోండి.

వాల్తేరు_అబ్బాయి | ఆదివారం మధ్యాహ్నం 3:34

నాకూ వచ్చింది సార్ ఆ మెసేజ్. సిగ్గు విడిచి చెప్తున్నా, అమ్మ ఆర్డర్ పెట్టమంది, నేను ధర అడిగాను కూడా. ఆపేశాను.

ఒసెల్టామివిర్ నిన్న సాయంత్రమే మొదలుపెట్టారు. జ్వరం 101. ఆక్సిజన్ 95, 96 మధ్య ఉంటోంది. పాత ఫైలు అటక మీద ఉంది, వెతుకుతాను.

పరవాడ_షిఫ్టు | ఆదివారం రాత్రి 11:20

బి షిఫ్టు దిగి బస్సులో చదివాను. ఫార్మా సిటీలో ఇంజెక్టబుల్స్ లైన్‌లో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. పాపం, ల్యాబ్‌లో మీది 50 మి.లీ.ల బీకరు, మాకు 500 లీటర్ల ట్యాంకు. కథ అక్కడే మారిపోతుంది.

మామూలు ఇంజెక్షన్ అయితే వయల్ నింపి, సీల్ చేసి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టామంటే క్రిములు చచ్చాయని నిశ్చింత. లైపోజోమ్‌ని ఆ వేడిలో పెడితే ఏం మిగులుతుంది? అందుకని 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపాలి. అంటే మన బుడగ 220 నానోమీటర్ల రంధ్రంలో పట్టాలి. నాలుగు బుడగలు కలిసి అతుక్కున్నాయా, ఫిల్టర్ మూసుకుపోతుంది, బ్యాచ్ పోతుంది. బుడగల సైజు 100 అని రాస్తే అన్నీ 100 దగ్గర్లోనే ఉండాలి, ఒకటి 60, ఒకటి 300 అంటే క్యూసీ (నాణ్యత పరీక్ష) వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. తర్వాత నిల్వ. ఇలాంటివి చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే బుడగ పగులుతుంది, వేడెక్కితే కారుతుంది. మే నెలలో మన ఊళ్లో కరెంటు పోయిన మధ్యాహ్నం ఊహించుకోండి.

డెక్సామెథాసోన్ గొప్పతనం దాని చవకతనం. మారుమూల పీహెచ్‌సీలో కూడా ఉంటుంది. నానో అయ్యాక ఆ ధర ఉండదు. మళ్లీ ఒక వేవ్ వస్తే ఎవరికి దొరుకుతుంది, ఎవరు దాని కోసం రాత్రిళ్లు ఫోన్లు చేస్తారు అన్నది సిస్టర్ గారికి నాకంటే బాగా తెలుసు.

సిస్టర్_అక్క | సోమవారం ఉదయం 5:50

తెలుసు బాబూ.

జగదాంబ_జంక్షన్ | సోమవారం ఉదయం 8:02

పరవాడ అన్న మాట నిజమే గానీ మన ఊరిని మరీ తక్కువ చేయకండి. 2021 ఏప్రిల్‌లో దేశంలో మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ట్యాంకర్లు నింపుకున్నది మన స్టీల్ ప్లాంట్‌లోనే. పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్‌లో వెంటిలేటర్లు, టెస్టు కిట్లు చేశారు. అవతల మందు ఫ్యాక్టరీలు, ఇవతల పరికరాల ఫ్యాక్టరీలు, మధ్యలో యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీ. ఆ మెష్ నెబ్యులైజర్ చవగ్గా చేసే పని మన దగ్గర ఎందుకు అవ్వకూడదు? మొదట్లో వెక్కిరించింది నేనే, ఇప్పుడు వకాల్తా పుచ్చుకున్నదీ నేనే. ఏం చేస్తాం, రెండు రోజులు చదివితే మనిషి మారతాడు.

ఛాతీ_డాక్టర్ | సోమవారం మధ్యాహ్నం 2:15

ఉత్సాహం బాగుంది. ఒక చన్నీళ్ల చెంబు కుమ్మరిస్తాను, ఏమనుకోవద్దు. నెదర్లాండ్స్‌లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ని లైపోజోమ్‌లలో పెట్టి, రక్తనాళాల గోడల్లో పూడిక ఉన్న మనుషులకి ఎక్కించారు. 2015లో ఫలితం వచ్చింది. పూడికలోని మాక్రోఫేజ్‌ల దగ్గరికి మందు చేరింది, కళ్లారా చూశారు. అయినా అక్కడ వాపు తగ్గలేదు. అడ్రస్ సరిగ్గా ఉన్నా పని జరగలేదన్నమాట. అది వేరే జబ్బు, వేరే అవయవం. అయినా ఎలుకలో తగ్గింది కదా అని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఫార్మసీ_పిల్ల | సోమవారం సాయంత్రం 6:44

ఆ పేపరు మా గైడ్ నా చేత మూడుసార్లు చదివించారు సార్. కాదనను. ఎలుకల్లో ఊపిరితిత్తుల వాపు మీద వచ్చిన ఫలితాలు చూసి నేనూ మొదట్లో గెంతులేశాను. ఎలుకకి మనమే రోగం తెప్పిస్తాం, ఏ గంటకి మందు ఇవ్వాలో మనకే తెలుసు. మనిషి తొమ్మిదో రోజు ఆయాసంతో వస్తాడు, దారిలో ఇంకో నాలుగు మందులు మింగేసి. మీరు మొన్న చెప్పిన రోజుల లెక్క నాకు ల్యాబ్‌లో ఎదురుపడదు, అదే నా లోటు.

అయినా వదలను. మూడు నెలలుగా ఒక్క ఫార్ములేషన్ ఫ్రిజ్‌లో రెండు వారాలకి మించి నిలవడం లేదు. అది తేలాక ఎలుకలు, ఆ తర్వాత మీతో పోట్లాట.

వాల్తేరు_అబ్బాయి | మంగళవారం రాత్రి 8:30

నాన్నకి జ్వరం నిన్న రాత్రి నుంచి లేదు. ఆక్సిజన్ 97. సుగర్ 180. దగ్గు ఇంకా ఉంది. స్టెరాయిడ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఈ చర్చ మొత్తం ఆయనకి చదివి వినిపించాను. షేర్ ఆటో దగ్గర నవ్వారు. "ఆ బుడగలేవో తుంటికి కూడా కనిపెట్టమను ఆ అమ్మాయిని" అన్నారు.

డాక్టర్ గారూ, ఫైలు దొరికింది. డిశ్చార్జ్ షీటు రెండో పేజీ. మిథైల్ ప్రెడ్నిసొలోన్ 16 మిల్లీగ్రాములు 5 రోజులు, తర్వాత 8 మిల్లీగ్రాములు 5 రోజులు, ఆపేయాలి అని ఉంది. "ఆపేయాలి" కింద గీత కూడా గీశారు. మేం మొదటి పేజీ ఒక్కటే మందుల షాపుకి పట్టుకెళ్లేవాళ్లం. బాగా పనిచేస్తోంది, కంటిన్యూ చేయండి అని షాపతను అంటే నెలన్నర వేశాం. తెచ్చింది నేనే.

ఛాతీ_డాక్టర్ | మంగళవారం రాత్రి 9:05

రాసినట్టు పది రోజులే వాడినా తుంటి దెబ్బతిన్నవాళ్లు నా ఓపీలో ఉన్నారు. కాబట్టి అంతా మీ మీదే వేసుకోకండి. ఆ రెండో పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. తుంటి ఆపరేషన్ గురించి ఎముకల డాక్టర్‌ని కలిసినప్పుడు నెలన్నర అన్న మాట దాచకుండా చెప్పండి.

సిస్టర్_అక్క | మంగళవారం రాత్రి 10:12

రేపటి నుంచి మా వార్డులో డిశ్చార్జ్ షీటు రెండు పేజీలూ స్టేపుల్ చేసే ఇస్తాను. ఇన్నాళ్లూ జెమ్ క్లిప్పే పెట్టేదాన్ని.